అరవై నాలుగు ఎవరికైనా కావాలా?

మార్చి 9, ఆదివారం

ఆన్సెల్మ్ అన్నంత పనీ చేశాడు. జర్మనీలో కూర్చుని కోడ్‌ని సవరించే ప్యాచ్‌లు ఒక మోపెడు పంపాడు. కంప్యూటర్‌ని అడుగు నుంచీ నడిపే కెర్నెల్‌లో ఇన్నాళ్ళూ ఒక్కో ప్రాసెసర్ తన మెమరీ పేజీ సైజును తన మూలలో, తన యాసలో రాసుకుని కూర్చుంది. ఒకరు నాలుగు కిలోబైట్లంటారు, ఒకరు పదహారంటారు, ఒకరు అరవై నాలుగు. ఒకటే లెక్క, ఊరంతా తలో రకంగా. ఇప్పుడు అందరికీ కలిపి ఒకే మెనూ పెడతానంటున్నాడు. ఎవరికి ఏ సైజులు చేతనవునో ఒక్కో లైనులో చెప్తే చాలు, మిగతాదంతా ఆ మెనూ చూసుకుంటుంది.

చదువుతుంటే కడుపు నిండిపోయింది. పనంటే ఇలా ఉండాలి. కాస్త కుళ్ళు కూడా వచ్చింది, అది వేరే సంగతి.

చివర్లో నాకో ప్రశ్న పెట్టాడు. "మెరిన్, మీ క్వోల్ చిప్పుకి అరవై నాలుగు నిజంగా కావాలా? నాలుగు ఒక్కటే ఉంచుకుంటే మీ వైపు మూడొందల లైన్లు ఎగిరిపోతాయి. దాన్ని ఎవరైనా వాడుతున్నట్టు నాకు ఎక్కడా కనపడలేదు."

ఆ మూడొందల లైన్లూ నాకీ పని నేర్పిన లిండ్సేవి.

మార్చి 10

లిండ్సేని అడగాలి. జనవరి తర్వాత అతనుండే బ్రూనీ ద్వీపానికి వెళ్ళనే లేదు. అదీ ఒక వెళ్ళడమా! ఓవెన్‌లో పెట్టిన పైలు మాడిపోయాయి, భోజనానికి బ్రెడ్డూ టమాటో సాసే గతి. కుక్క నా బూటు లేసు నమిలింది. ముందు ఫెర్రీకే వచ్చేశాను.

వచ్చే వారం వెళ్తాను.

మార్చి 13

పేజీ అంటే ఏమిటో లిండ్సే నాకు వాళ్ళ వంటింట్లో చెప్పాడు. నేను చదువు ముగించి కొత్తగా అతని దగ్గర చేరిన రోజులు. మెమరీని ముక్కలు చేసి ప్రోగ్రాములకు పంచుతారని తెలుసు, ముక్క ఎంత ఉండాలన్నదానికి అంత రభస ఎందుకో తెలియదు. అలమర తెరిచి వాళ్ళావిడ డబ్బాలన్నీ బల్ల మీద బోర్లించాడు.

"చూడమ్మాయ్. అన్నీ చిన్న డబ్బాలే అనుకో. చోటు వృథా కాదు. కానీ దేంట్లో ఏముందో గుర్తుపెట్టుకునేసరికి బుర్ర వాచిపోతుంది. అన్నీ పెద్దవే అనుకో. గుర్తుంచుకోవడం తేలిక. కానీ ఒక్క నిమ్మకాయకి ఇంత డబ్బా తీశానంటే మా ఆవిడ నన్ను ఫ్రిజ్‌లో పెట్టి తలుపేస్తుంది."

"మరి ఏది మంచిది?"

"ఏం వండుతున్నావో చెప్పు, అప్పుడు చెప్తా."

క్వోల్‌ది చిన్న బుర్ర. ఎక్కువ డబ్బాలు గుర్తుపెట్టుకోలేదు. అందుకే లిండ్సే దానికి పెద్ద డబ్బాలు నేర్పాడు, అరవై నాలుగు. అప్పట్లో ఆ చిప్పు మా టాస్మానియాలోనే, ఈ హోబార్ట్‌లోనే తయారయ్యేది, సముద్రంలో వేసే కొలతల పెట్టెల కోసం. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. చిప్పు మాత్రం అక్కడక్కడా కొన ఊపిరితో ఉంది. కెర్నెల్‌లో ఎవరేది చూసుకుంటారో రాసే పట్టికలో క్వోల్ ఎదురుగా రెండే పేర్లు. లిండ్సే పర్టెల్. మెరిన్ టోలండ్.

నాలుగుతోనూ నడుస్తుంది, కాస్త నెమ్మదిగా. నేను నాలుగే వాడతాను. నాకు తెలిసినవాళ్ళంతా నాలుగే.

మార్చి 16

రాయకుండా తప్పించుకుంటున్నాను. రాసేస్తే పోతుంది.

లిండ్సేకి ఆ నరాల జబ్బు అని తేలి రెండేళ్ళు. ముందు చేతులు పోయాయి, తర్వాత నోరు. బుర్ర శుభ్రంగా ఉంది. అదే పెద్ద శిక్ష అంటుంది వాళ్ళమ్మాయి టామ్సిన్, ఉద్యోగం మానుకుని బ్రూనీలో అతని దగ్గరే ఉంటోంది. జనవరిలో నేను వెళ్ళేసరికి మాట పూర్తిగా పోలేదు, కానీ ముద్దముద్దగా వస్తోంది. టామ్సిన్ పెరట్లో ఉంది. మేమిద్దరమే కూర్చున్నాం. ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు, మెడ నరాలు ఉబ్బేలా. నేను "అవునవును, నిజమే" అన్నాను. పైగా నవ్వాను.

నా మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయాడు.

కెర్నెల్ రాసే మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎవరి ప్యాచ్ అయినా ఆసాంతం చదివితేనే కింద 'చదివాను' అని పేరు పెట్టాలి. సొంత మిషను మీద నడిపితేనే 'నడిపి చూశాను' అనాలి. చదవకుండా పేరు పెట్టేవాడికంటే జేబుదొంగ నయం అని నాకు నేర్పింది లిండ్సేనే. నేను అతని ఎదురుగా కూర్చుని, అతని మాటకే చదవకుండా పేరు పెట్టేశాను. అతనికి తెలిసిపోయింది.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. అందుకే వెళ్ళడం లేదు. పని ఎక్కువై కాదు.

పని కూడా ఎక్కువే.

మార్చి 24

ఈమెయిల్లో అడగడమే మంచిది. అతనికి తీరిగ్గా చదువుకోవడానికి వీలుంటుంది. కెర్నెల్ వాళ్ళందరూ చదివే ఈమెయిల్ లిస్టుకి పంపాను, లిండ్సేకి కాపీ పెట్టాను. పైన ఇలా రాశాను: 'అరవై నాలుగు ఎవరికైనా కావాలా?' లోపల: 'క్వోల్ మీద అరవై నాలుగు కిలోబైట్ల పేజీలు ఎవరైనా వాడుతుంటే చెప్పండి. ఎవరూ ఏమీ అనకపోతే తీసేస్తాను.'

మర్యాదగానే అడిగాను. ఎవరూ వంక పెట్టలేరు.

మార్చి 31

ఎవరూ ఏమీ అనలేదు.

ఏప్రిల్ 4

ఏమీ అనలేదు. మాకు చలికాలం వచ్చేస్తోంది, కొండ మీద మొదటి మంచు పడింది. పొయ్యిలోకి కట్టెలు తెచ్చి పేర్చాను.

లిండ్సే అలిగినట్టున్నాడు. జనవరి సంగతి మనసులో పెట్టుకున్నాడు. అలిగితే నేనేం చేయను? పలకాల్సిన చోట పలకాలి కదా. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా లిస్టులో అర్ధం గిర్ధం లేదు, పూర్తి అంగీకారమే. లేకపోతే ఈ ప్రపంచంలో ఏ పనీ ముందుకు కదలదు. ఇదీ అతను నేర్పిందే.

ఏప్రిల్ 12, శనివారం

సలమాంకా సంతలో టామ్సిన్ ఎదురైంది. యాపిల్ బుట్టల దగ్గర. తప్పుకుందామనుకున్నాను, అప్పటికే చూసేసింది.

"బతికే ఉన్నావన్నమాట," అంది.

"పని, టామ్సిన్. ఊపిరాడని పని."

"నాన్నా అదే అంటాడు. మెరిన్‌కి తీరికుండదులే, దాన్నేం అనకు అని. నేను మాత్రం అంటా. జనవరి నుంచి వచ్చే వారం, వచ్చే వారం అంటూనే ఉన్నావు. నీ వచ్చే వారం ఏ క్యాలెండర్లో ఉందే?"

"ఎలా ఉన్నాడు?"

"నోటి మాట దాదాపు పోయింది. నాకొక్కదానికే ఏదో అర్థమవుతుంది, అదీ మూడు సార్లు అంటే. కానీ మాట్లాడే పెట్టె కట్టుకున్నాడు కదా, బుర్ర తనది, చేతులు నావి! తెర మీద అక్షరాలు కళ్ళతో ఏరుకుంటాడు, పెట్టె మాట్లాడుతుంది. నాన్న గొంతే, మెరిన్. గొంతు పోకముందే రికార్డు చేసి దాచుకున్నాడు. మొదటిసారి విన్నప్పుడు నేను స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను."

"అలాంటివి ఆసుపత్రివాళ్ళే ఇస్తారనుకున్నానే."

"ఇచ్చారు. తిప్పి పంపించేశాడు. అందులో ఏ కెర్నెల్ ఉందో వాళ్ళకి తెలీదట. ఎవరు వండారో తెలీని తిండి తిననన్నాడు. మా నాన్న సంగతి నీకు నేను చెప్పాలా?"

నవ్వేశాం. ఆ పెట్టె దేనితో కట్టాడని అడగాలనిపించింది. అడగలేదు. యాపిళ్ళు కొనుక్కుని వచ్చేశాను.

వచ్చే వారం తప్పకుండా వెళ్తాను.

ఏప్రిల్ 16

తీసేశాను.

తీసేయడంలో ఎంత హాయి ఉంటుందో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పాత గడ్డివాము పీకినట్టు కింద నేల కనపడుతుంది. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో ఫైలూ శుభ్రం చేశాను. ఒక చోట లిండ్సే కోడ్ పక్కన రాసుకున్న మాట కనపడింది: 'దీన్ని ముట్టుకునే ముందు నన్ను అడుగు. ఊరికే కాదు, నాకు మాట్లాడ్డం ఇష్టం.'

అడిగాను కదా. లిస్టులో అడిగాను.

నా బల్ల మీదున్న బోర్డులో నడిపి చూశాను. నాలుగుతో బ్రహ్మాండంగా లేచింది.

ఏప్రిల్ 17

పట్టికలో ఉన్న చిరునామాకే కాపీ పెట్టాను. అది అతని పాత ఆఫీసు చిరునామా. పట్టికలో ఉన్నదే లెక్క. చేరలేదని మెయిలు వెనక్కి కూడా రాలేదు, అంటే అందినట్టే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నెవరూ అడక్కుండానే ఇది ఎందుకు రాస్తున్నానో.

ఏప్రిల్ 23

ఆన్సెల్మ్ ప్యాచ్‌లూ నావీ కలిపి క్వోల్ కోడ్ ఉండే నా ట్రీలోకి తోసేశాను. ఇక రేపు పొద్దున్నుంచీ ఎవరు నా ట్రీ నుంచి తెచ్చుకున్నా కొత్త మెనూతోనే తెచ్చుకుంటారు. "చాలా శుభ్రమైన పని," అని రాశాడు ఆన్సెల్మ్. అతని నోట అంత మాట రావడం అంటే మాటలు కాదు. ఆనందంగా బేకరీకి వెళ్ళి, సముద్రపు గుల్లల మాంసం కూరిన స్కాలప్ పై తిన్నాను. ఎందుకో సగమే తిని మిగతాది కాగితంలో చుట్టేశాను.

ఏప్రిల్ 25, ఆన్జాక్ రోజు

తెల్లవారకముందే, యుద్ధాల్లో పోయినవాళ్ళ స్థూపం దగ్గరకి వెళ్ళాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. అంతమంది జనం, చిన్నపిల్లలతో సహా, ఒక్క నిమిషం మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనం ఎవరి కోసమో అక్కడ ప్రతివాళ్ళకీ తెలుసు.

ఏప్రిల్ 27, ఆదివారం

టామ్సిన్ ఫోన్ చేసింది. తిన్నగా విషయానికి వచ్చింది.

"పెట్టె చచ్చిపోయింది, మెరిన్. ప్రతి ఆదివారం తనంతట తనే కొత్త కెర్నెల్ తెచ్చుకుని లేస్తుంది. అలా రాసిపెట్టుకున్నాడు నాన్న. ఇవాళ లేవలేదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు."

"చదువు."

"ఏదో... బ్లాక్ సైజు పేజీ కంటే పెద్దది, తెరవలేను అంటోంది. ఆపి మళ్ళీ పెట్టాను. అదే పాట."

చేతిలో ఉన్న గిన్నె సింకులో పెట్టేశాను.

"విను. పెట్టె లేకపోతే పాత అక్షరాల అట్ట ఉంది మా దగ్గర. నేను వరుసలు చదువుతాను, కావాల్సిన అక్షరం వచ్చినప్పుడు నాన్న కళ్ళు పైకెత్తుతాడు. పొద్దున్నుంచీ అదే పని. ముందు నీ పేరు చెప్పాడు. తర్వాత అరవై నాలుగు అన్నాడు. అంతే. మళ్ళీ మళ్ళీ అదే. మెరిన్, అరవై నాలుగు. ఏంటది? నీకేమన్నా తెలుసా?"

వంటింటి నేల మీదే కూర్చుండిపోయాను.

క్వోల్. క్వోల్ బోర్డు మీదే కట్టుకున్నాడు. ఇంకెవరి వంట తింటాడు? తన గొంతు దాచుకున్న డిస్కును అరవై నాలుగు కిలోబైట్ల బ్లాకులతో తయారు చేసుకున్నాడు. నేను పంపిన నాలుగు కిలోబైట్ల పేజీల కెర్నెల్‌కి ఆ డిస్కు పట్టదు. పెద్ద డబ్బా చిన్న అలమరలో పట్టదు, అంతే. అతని నోట్లోంచి మాట లాగేసింది జబ్బు ఒక్కటే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

"తెలుసు," అన్నాను. "రేపు మొదటి ఫెర్రీకి వస్తున్నాను."

"వచ్చే వారమా?" అంది.

"రేపు."

ఏప్రిల్ 29

నిన్నటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను. టామ్సిన్ సోఫా మీద పడుకున్నాను, బయట కిటికీ దగ్గర బుల్లి కంగారూల్లాంటి పేడ్‌మెలన్లు గడ్డి మేస్తున్నాయి. కుక్క నా రెండో బూటు లేసు కూడా పూర్తి చేసింది.

లిండ్సే కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. జనవరికీ ఇప్పటికీ సగం అయిపోయాడు. కళ్ళు మాత్రం అవే. లోపలికి అడుగు పెట్టగానే ఆ కళ్ళు నన్ను పట్టుకున్నాయి. ముద్దు పెట్టుకుందామని వంగాను, ఏడుపొచ్చింది, అందుకని గబగబా ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కాబోలు.

"లిస్టులో అడిగాను లిండ్సే," అన్నాను, టైపు చేస్తూనే. అతనికేసి చూడలేదు. "అరవై నాలుగు ఎవరికైనా కావాలా అని అడిగాను. ఎవరూ పలకలేదు."

"నాన్నని అడిగావా?" అంది టామ్సిన్.

"కాపీ పెట్టాను."

"ఏ చిరునామాకి?"

చెప్పాను.

"అదా! ఆ మెయిలు తెరిచి రెండేళ్ళయింది. నీకు తెలీదా?"

"తెలుసు."

"ఇంటి ఫోన్ నంబరు లేదా నీ దగ్గర?"

నేను పలకలేదు. ఈసారి నా మౌనం పూర్తి అంగీకారమే. టామ్సిన్ టీ పెట్టడానికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

తీసేసిన మూడొందల లైన్లూ వెనక్కి పెట్టాను. పెట్టెని నిద్ర లేపే బూట్ చిప్పులో ఒక్క కెర్నెల్‌కే చోటు, పాతది ఆదివారమే తుడిచిపెట్టుకుపోయింది. పెట్టెలో లిండ్సే రాసుకున్న పాత సెట్టింగుల ఫైలు మాత్రం మిగిలింది. దాన్నే తీసుకుని కొత్త కెర్నెల్ కట్టాను. చిప్పులోకి ఎక్కించి స్విచ్ వేశాను. ముగ్గురం తెరకేసి చూశాం.

బ్లాక్ సైజు పేజీ కంటే పెద్దది. తెరవలేను.

మళ్ళీ కట్టాను. మళ్ళీ అదే. అన్నీ వెనక్కి పెట్టాను, అరవై నాలుగు చేతనవునని మెనూకి చెప్పాను, అయినా అదే మాట. నా మూలంగా ఈ మనిషి ఇక మాట్లాడడేమో అనిపించింది. తన గొంతుతో టామ్సిన్‌ని ఇంకెప్పుడూ పిలవడేమో.

లిండ్సే గొంతులో ఏదో శబ్దం చేశాడు. టామ్సిన్ అట్ట తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే చదువు," అంది. "నేను టీ కలపాలి."

వరుసలు చదివాను. మొదట్లో నా వేగానికి అతను అందుకోలేకపోయాడు. కళ్ళు పైకెత్తేలోపే పక్క అక్షరానికి పోతున్నాను. నెమ్మదించాను. ఒక్కో అక్షరం. ఒక్కో అక్షరం. టీ చల్లారిపోయింది. చివరికి వచ్చిన మాట: 'ఎవరు ఎంచారు.'

నాకు అర్థం కాలేదు. ఎవరు దేన్ని ఎంచారు? అంత కష్టపడి చెప్పాడు కదా, ఎలా అడగను మళ్ళీ? "అవునవును" అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. నవ్వు మొహం కూడా పెట్టేశాను. అతని కళ్ళు జనవరిలో చూసినట్టే చూస్తున్నాయి.

"అర్థం కాలేదు లిండ్సే," అన్నాను. "ఒక్క ముక్క కూడా. మళ్ళీ చెప్పు."

ఏం జరిగిందో సరిగ్గా రాయలేను. మొహంలో కదిలేవి తక్కువ. కానీ కళ్ళ చుట్టూ ఏదో వదులైంది. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఇంకో మాట చేర్చాడు. 'నాలుగు ఎవరు ఎంచారు.'

నాలుగు ఎవరు ఎంచారు?

సెట్టింగుల ఫైలు తెరిచాను. పాత ఫైలులో పాత పేరుతో అరవై నాలుగు అని ఉంది. ఆన్సెల్మ్ కొత్త మెనూకి ఆ పాత పేరు తెలియదు. తనకి తెలిసిన పేరుతో ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి, తనంతట తనే నాలుగు వేసేసుకుంది. ఎవరూ ఎంచలేదు. ఎవరూ పలకకపోతే నాలుగు, అని రాసి ఉంది. ఆ ప్యాచ్ కింద 'చదివాను' అని నా పేరు ఉంది.

"ఎవరూ ఎంచలేదు!" అని అరిచాను. కుక్క ఉలిక్కిపడింది. "ఎవరూ మాట్లాడకపోతే నాలుగు అనుకుంటోంది, లిండ్సే!"

కళ్ళు పైకెత్తాడు. అవును.

కొత్త పేరుతో అరవై నాలుగు అని రాశాను. కట్టాను. ఎక్కించాను. తెర కాసేపు నల్లగా ఉండి, తర్వాత అక్షరాలు బారులు తీరాయి. లిండ్సే కళ్ళు వాటి మీద తిరగడం మొదలుపెట్టాయి.

"అడిగేటప్పుడు మనిషి ఉన్న చోట అడుగు," అంది పెట్టె.

లిండ్సే గొంతు. పాత లిండ్సే గొంతు, డబ్బాలు బోర్లించిన నాటిది, చివర్లో ఆ చిన్న వెటకారంతో సహా. టామ్సిన్ స్నానాల గదికి పోలేదు, నేనూ పోలేదు. ఉన్న చోటే ఇద్దరం ఏడ్చాం.

"నీళ్ళు బోర్డు మీద పడతాయి," అంది పెట్టె.

మే 3

లిస్టుకి ప్యాచ్‌లు పంపాను. మొదటిది, అరవై నాలుగు వెనక్కి. ఎందుకని రాసే చోట ఇలా రాశాను: 'వాడేవాళ్ళు లేరనుకుని తీసేశాను. ఒకరున్నారు. నేను అడిగిన చోట ఆయన లేరు. ఒకరు చాలు.' రెండోది మెనూకి. పాత ఫైలు నుంచి వచ్చినవాళ్ళకి సైజు తెలియకపోతే తనంతట తను నాలుగు వేసేసుకోకూడదు, ఆగి అడగాలి. మూడోది పట్టికలో లిండ్సే చిరునామా మార్పు.

ఆన్సెల్మ్ రాశాడు: "నాకు కనపడలేదు అన్నాను. వెతకలేదు అని ఉండాల్సింది. మన్నించండి, ఆయనతో కూడా చెప్పండి." కింద 'చదివాను' పెట్టాడు. చదివే పెట్టి ఉంటాడు.

మే 5

కొత్త చిరునామా నుంచి ఒక్క లైను వచ్చింది లిస్టుకి.

'నడిపి చూశాను: లిండ్సే పర్టెల్.'

దాని కింద ప్రపంచం నలుమూలల నుంచీ జవాబులు. నేను పేరు కూడా వినని వాళ్ళు. పొద్దుపోయేదాకా చదువుతూ కూర్చున్నాను.

మే 8, గురువారం

ఇక గురువారాలు బ్రూనీకే. ఎవరినీ అడగలేదు, చెప్పేశాను.

ఇవాళ బేకరీ నుంచి స్కాలప్ పైలు పట్టుకెళ్ళాను. టామ్సిన్ వాటిని ఓవెన్‌లో పెట్టి బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, నీ కళ్ళు అలిసిపోయాయి నాన్నా, కాసేపు విశ్రాంతి ఇవ్వు అని పెట్టె ఆపేసింది. నేనూ లిండ్సే కిటికీ దగ్గర కూర్చున్నాం. ఆన్సెల్మ్ కొత్తగా ఇంకో ప్రాసెసర్ మీద పడ్డాడని, దాన్ని వాడేవాళ్ళని ఇప్పుడు ఫోన్ చేసి మరీ అడుగుతున్నాడని చెబుతున్నాను.

మధ్యలో ఏదో అన్నాడు. పెట్టె కాదు. తన నోటితో.

"అర్థం కాలేదు," అన్నాను.

మళ్ళీ అన్నాడు.

"అర్థం కాలేదు లిండ్సే. ఇంకోసారి."

మెడ నరాలు ఉబ్బాయి. ఈసారి అతని మూతికేసి చూస్తూ ఒక్కో ముక్కా పట్టుకున్నాను.

పైలు మాడుతున్నాయి.

వంటింట్లోకి పరిగెత్తాను. పొగ. ఓవెన్ తలుపు తీసి, పళ్ళెం బయటకి లాగి, చెయ్యి కాల్చుకుని, అంచులు నల్లబడ్డ పైలతో వెనక్కి వచ్చాను. అక్కడే గుమ్మంలో ఆగిపోయాను.

"జనవరిలో అన్నదీ ఇదేనా?"

లిండ్సే కళ్ళు పైకెత్తాడు.